17 శాతం అంటే ఎంత? కళ్లం నుంచి కొలతల పాఠం

దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు గోదావరి జిల్లాల్లో ఏ దారిన వెళ్లినా సగం రోడ్డు ధాన్యానిదే. రాశి పక్కన గొడుగు వేసుకుని కూర్చున్న రైతు ఎదురుచూసేది ఒక చిన్న యంత్రం కోసం. దాని గిన్నెలో గుప్పెడు గింజలు పోసి మూత బిగిస్తే ధాన్యంలో తేమ ఎంత శాతమో తెర మీద ఒక అంకె పడుతుంది. 17 లోపు వస్తే ధాన్యం కాటాకు వెళుతుంది. దాటితే మళ్లీ ఎండబెట్టాలి, లేదంటే తరుగుకు ఒప్పుకోవాలి. కొనుగోలు కేంద్రంలో 16.8 చూపిన ధాన్యమే మిల్లు గేటు దగ్గర 18.3 చూపడం, లారీ అక్కడే ఆగిపోవడం, ఫోన్లు, టెన్షన్... ఏటా ఉండే తంతే ఇది. ఎవరో ఒకరు మోసం చేశారనే అందరూ అనుకుంటారు. చేసి ఉండొచ్చు కూడా. కానీ ఎవరూ ఏ మోసమూ చేయకపోయినా ఆ రెండు అంకెలు అలా వేరుగా రావడానికి బోలెడు కారణాలున్నాయి. వాటన్నిటికీ సైన్సులో పేర్లున్నాయి. ఆ పేర్లు ఇంటర్ ఫిజిక్స్ మొదటి పాఠాల్లో రెండు మార్కుల ప్రశ్నలుగా వచ్చిపోతాయి. పరీక్ష అయ్యాక వాటిని కళ్లం దాకా తెచ్చేవాళ్లే ఉండరు.

ముందు ఆ శాతం సంగతి చూడాలి. 17 శాతం సరే, దేనిలో 17 శాతం? వంద కిలోల పచ్చి ధాన్యంలో 20 కిలోల నీరుంటే తేమ 20 శాతం. మిగతా 80 కిలోలు పొడి సరుకు. దీన్ని 17 శాతానికి ఎండబెడితే ఎంత మిగులుతుంది? ఎవరినడిగినా 97 కిలోలంటారు. అది తప్పు. ఎండలో పోయేది నీరే కాబట్టి పొడి సరుకు 80 కిలోలూ అలాగే ఉంటుంది. కొత్త బరువులో అది 83 శాతం కావాలి. 80ని 0.83తో భాగిస్తే 96.4 వస్తుంది. అంటే తగ్గింది 3 కిలోలు కాదు, 3.6 కిలోలు. ఈ లెక్క ఎక్కడ మొదలుపెట్టినా ఒకేలా వస్తుంది: 17కు పైన ఉన్న ప్రతి ఒక్క శాతానికీ క్వింటాలుకు 1.2 కిలోలు. 75 కిలోల బస్తాకైతే 900 గ్రాములు. మిల్లరు శాతానికి కిలో కన్నా కాస్త ఎక్కువ అడిగితే అందులో న్యాయం ఉంది. 1.2 దాటి అడిగితే ఆ పైది తేమ లెక్కలోది కాదు, బేరంలోది. ఈ ఒక్క అంకె గుర్తుంటే కళ్లాల్లో సగం వాదనలు పొట్టివవుతాయి.

ఇక యంత్రం. అది నీటిని చూడదు. విద్యుత్తుకు గింజలు ఎలా స్పందిస్తాయో చూసి, దాన్నిబట్టి తేమ ఎంతుండొచ్చో చెబుతుంది. దీన్ని పరోక్ష కొలత అంటారు. నేరుగా తేల్చాలంటే ధాన్యాన్ని తూచి, ఓవెన్‌లో నీరంతా పోయేదాకా ఉంచి, మళ్లీ తూచాలి. అది గంటల పని, కళ్లంలో కుదిరేది కాదు. అందుకే ఓవెన్‌లో తేమ తేల్చిన నమూనాలతో యంత్రాన్ని ముందే సరిచూసి, ఏ సంకేతానికి ఎంత తేమో దానికి నేర్పి పెడతారు. పుస్తకాల్లో క్రమాంకనం అని ఉండేది ఇదే. ల్యాబుల్లో, షాపుల్లో అయితే క్యాలిబ్రేషన్ అనే అంటారు. మొక్కజొన్నకు పెట్టిన సెట్టింగులో వడ్లు పోస్తే యంత్రం మొహమాటపడదు, ఏదో ఒక అంకె చూపిస్తుంది. గింజ వేడి కూడా లెక్కలోకి వస్తుంది. మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద కాలిన గింజ, రాత్రంతా లారీలో చల్లబడిన గింజ ఒకే తేమతో ఉన్నా ఒకే సంకేతం ఇవ్వవు. మంచి యంత్రాలు ఆ వేడిని కూడా కొలిచి అంకెను సరిదిద్దుతాయి. అన్ని యంత్రాలూ మంచివి కావు.

ఇక్కడే రెండు మాటలు కలగాపులగం అవుతాయి: నిలకడ (ప్రెసిషన్), యథార్థత (అక్యురసీ). తెలుగులో మామూలుగా రెండింటినీ ‘ఖచ్చితత్వం’ అనేస్తారు, చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒకే గుప్పెడు గింజల్ని మిల్లు యంత్రంలో మూడుసార్లు పోస్తే 18.3, 18.2, 18.3 వచ్చాయనుకుందాం. మిల్లు మనిషి ధీమాగా ‘చూడండి, మూడుసార్లూ అదే’ అంటాడు. నిజమే, యంత్రానికి నిలకడ ఉంది. కానీ ఆ గింజల్ని ఓవెన్‌లో పెడితే 17 తేలిందనుకోండి, అప్పుడు దానికి యథార్థత లేదన్నట్టు. నిలకడగా తప్పు చెప్పడం సాధ్యమే. పైగా తడబడే అబద్ధం కన్నా నిలకడైన అబద్ధాన్నే జనం తొందరగా నమ్ముతారు. ఇలా ఎప్పుడూ ఒకే వైపు లాగే తప్పును క్రమ దోషం అంటారు. పదిసార్లు కొలిచి సగటు తీసినా అది పోదు, క్యాలిబ్రేషన్ ఒక్కటే దానికి మందు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపే తప్పు యాదృచ్ఛిక దోషం. దానికి సగటు పనిచేస్తుంది. నాలుగుసార్లు కొలిచి సగటు కడితే ఆ ఊగిసలాట సగానికి దిగుతుంది. పావుకు దిగాలంటే పదహారుసార్లు కొలవాలి.

తెర మీద చుక్క తర్వాత ఒక అంకె కనబడగానే అంతవరకూ నిజమే అనుకోవడం ఇంకో పొరపాటు. యంత్రం 0.1 వరకు చూపగలదంటే అది దాని కనీసపు కొలత, లీస్ట్ కౌంట్. చూపగలిగినంత మేరా అది సరైనదేనన్న హామీ అందులో లేదు. అసలు విలువ అర శాతం అటూ ఇటూ ఉండే యంత్రం 17.2 అంటే, ధాన్యం తేమ 16.7కూ 17.7కూ మధ్య ఎక్కడో ఉందని అర్థం. ఈ వెడల్పే అనిశ్చితి. అలాంటి యంత్రం 17.2 చూపితే ధాన్యం హద్దు దాటిందనీ చెప్పలేం, దాటలేదనీ చెప్పలేం. 16.9 చూపినా అంతే. హద్దు పెట్టినవాళ్లు హద్దుతోపాటు ఆ వెడల్పును కూడా రాసిపెట్టాలి. రాయకపోతే దాని భారం ఎప్పుడూ బలహీనుడి మీదే పడుతుంది.

ఇంత చేసినా యంత్రం కొలిచేది గుప్పెడు గింజల్నే. ఆ గుప్పెడు ఎక్కడిది? రాశి పైపొర ఎండకు ఎండుతుంది, తెల్లవారేసరికి మంచుకు కాస్త చెమ్మగిల్లుతుంది. లోపలి ధాన్యం సంగతి వేరు. పట్టా కప్పి ఉంచిన రాశిలో చెయ్యి పెడితే వెచ్చగా తగలడం రైతుకు తెలిసిందే. పైన తీసిన గుప్పెడూ అడుగున తీసిన గుప్పెడూ వేర్వేరు కథలు చెబుతాయి. నాలుగైదు చోట్ల, వేర్వేరు లోతుల్లో తీసి, కలిపి, అందులోంచి కొలిచేదే నమూనా. నమూనా తీయడంలో జరిగిన తప్పును ఎంత ఖరీదైన యంత్రమూ దిద్దలేదు.

శాతం గొడవ కళ్లంలో అయితే, సున్నా గొడవ గోదావరి దగ్గర. వరదల కాలంలో టీవీలో వినబడే అంకెలు చూడండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలంలో అవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు. ఎగువన 50 అడుగులుండి దిగువన 14 అడుగులేనా అని ప్రతి వరదకూ అడిగేవాళ్లుంటారు. ఇవి నది లోతులు కావు. ఒక్కోచోట గేజీకి ఒక సున్నాను ఎంచుకుని, నీటిమట్టం దానికి ఎంత పైన ఉందో చెప్పే అంకెలు. ఆ చోటి అంకెను ఆ చోటి పాత అంకెతోనే పోల్చాలి. భద్రాచలంలో 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు అంటే ఆ పోలికకు అర్థముంది. భద్రాచలాన్ని ధవళేశ్వరంతో పోలిస్తే అర్థం లేదు.

అడుగుల తర్వాత క్యూసెక్కులు. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు పారితే ఒక క్యూసెక్కు. ఇది నీటి మొత్తం కాదు, సెకనుకు ఎంత పారుతోందో చెప్పే రేటు. ‘ఇవాళ పది లక్షల క్యూసెక్కులు సముద్రంలో కలిశాయి’ అనే వాక్యం పేపర్లలో తరచూ కనిపిస్తుంది. ‘గంటకు అరవై కిలోమీటర్లు నడిచి వచ్చాను’ అనడం లాంటిదే ఇది. ఎంతసేపు పారిందో చెప్పాలి, అప్పుడు అది టీఎంసీలవుతుంది. వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ నీరు. 1986 వరదలో ధవళేశ్వరం దగ్గర నమోదైన 35 లక్షల క్యూసెక్కులు అదే జోరున ఒక రోజు పారితే 300 టీఎంసీలు. పైగా క్యూసెక్కులను ఎవరూ తూచి చెప్పరు. నీటిమట్టం, గేట్లు ఎంత ఎత్తారు, ప్రవాహవేగం వంటివి కొలిచి, వాటి నుంచి లెక్కగడతారు. మట్టం నేరుగా కొలిచినది, ప్రవాహం దాన్నుంచి రాబట్టినది. రాబట్టిన అంకెలో, దాని వెనకున్న అన్ని కొలతల తప్పులూ వచ్చి చేరతాయి.

ప్రమాణం అనే మాట దగ్గర ఎక్కువ ఆగక్కర్లేదు. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం అని కొలుచుకున్న రోజుల్లో ఊరు మారితే కుంచం మారేది. ఒకే కుంచంతో గోపురంలా పోసి కొలిస్తే ఒకటి, కర్రతో తల కొట్టి కొలిస్తే ఇంకోటి. పైగా కుంచం కొలిచేది చోటును, బరువును కాదు. తాలు ఎక్కువున్న ధాన్యమూ, గట్టి గింజా కుంచంలో ఒకటే. 1956 చట్టంతో దేశమంతటికీ మెట్రిక్ కొలతలు వచ్చాయి. కిలో అంటే ఎంత అన్నదానికి 1889 నుంచి పారిస్ దగ్గర దాచిన ఒక లోహపు దిమ్మే ఆధారం. 2019 మే 20 నుంచి ఆ దిమ్మను పక్కనపెట్టి, ప్రకృతిలో మారకుండా ఉండే ప్లాంక్ స్థిరాంకం మీద కిలోను నిలబెట్టారు. కళ్లంలో కాటా మీద తూనికలు కొలతల శాఖవారు వేసే ముద్ర, అక్కడి నుంచి కళ్లం దాకా వచ్చే ప్రమాణాల గొలుసులో చివరి లింకు. ముద్ర పాతబడితే గొలుసు తెగినట్టే.

భీమవరం, ఉండి ఊళ్ల వైపు చెరువులకు వస్తే ఇంకో రకం చిక్కు. అక్కడ కొలిచే వస్తువు నిలకడగా ఉండదు. రొయ్యల చెరువులో కరిగి ఉన్న ఆక్సిజన్ పగలు పెరుగుతుంది, ఎందుకంటే నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రంతా ఆ నాచూ, రొయ్యలూ, అడుగు మట్టీ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువకు దిగుతుంది. సాయంత్రం నాలుగింటికి కొలిచి ‘లీటరుకు ఏడు మిల్లీగ్రాములుంది, భయం లేదు’ అనుకున్నవాళ్లు తెల్లారి నాలుగింటికి నీటిలో గాలి కలిపే ఏరేటర్ల దగ్గర పరుగులు పెట్టాల్సి రావచ్చు. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ కూడా ఇలాగే మధ్యాహ్నానికి పెరిగి తెల్లారికి తగ్గుతుంది. దానికి ఇంకో మెలిక కూడా ఉంది, 8కీ 9కీ తేడా ఒకటి కాదు, పది రెట్లు. ఉప్పదనం చూసే గొట్టం లాంటి పరికరం కూడా ఉప్పును చూడదు, నీటి చుక్కలో వెలుగు ఎంత వంగిందో చూస్తుంది. శుద్ధమైన నీటి చుక్క వేసినప్పుడు అది సున్నా చూపకపోతే, ఆ రోజు చూసిన ప్రతి అంకెలోనూ ఆ తేడా కూర్చుని ఉంటుంది. దాన్ని సున్నా దోషం అంటారు. క్రమ దోషాల్లో తేలిగ్గా దొరికేది ఇదే. అయినా రోజూ చూసుకునేవాళ్లు తక్కువ.

కౌంట్ అనే మాట డెల్టాలో చిన్నపిల్లలకూ తెలుసు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. 100 కౌంట్ అంటే ఒక్కోటి సగటున 10 గ్రాములు, 50 అంటే 20, 40 అంటే 25. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. కానీ ఇది సగటు. రెండు చెరువులు 50 కౌంటే కావచ్చు. ఒకదానిలో అన్నీ దాదాపు 20 గ్రాములు, ఇంకోదానిలో సగం 12 గ్రాములు, సగం 28 గ్రాములు. సగటు ఈ తేడాను దాచేస్తుంది. దాన్ని బయటపెట్టే అంకె ప్రామాణిక విచలనం. కొనేవాడు ఆ పేరు వాడడు గానీ, వలలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూసేది అదే. విసురువల మేత వేసే చోటే వేస్తే ముందొచ్చే పెద్ద రొయ్యలే ఎక్కువ పడతాయి, కౌంట్ ఆశగా కనబడుతుంది. కళ్లంలో రాశి పైపొర గుప్పెడు లాంటిదే ఇదీ.

కొలత ఉన్నదాన్ని చెబుతుంది. ‘ఇది చేస్తే అది మారుతుందా’ అన్నదానికి ప్రయోగం కావాలి. డెల్టాలో ప్రయోగాలకు కొదవ లేదు. ప్రతి రైతూ ఏటా ఏదో ఒకటి చేసి చూస్తూనే ఉంటాడు. ఒక కొత్త టానిక్ కాలువ పక్క చేలో కొట్టాడు, మూడు బస్తాలు ఎక్కువ పండింది. కాలువ చివరనున్న శివారు చేలో కొట్టలేదు, అక్కడ పండలేదు. ఇంకేం, టానిక్ పనిచేసిందన్న మాట ఊరంతా పాకింది. కానీ కాలువ పక్క చేనుకు నీరు ముందందుతుంది. శివారుకు వంతు ఆలస్యమవుతుంది, సముద్రం దగ్గరైతే ఉప్పు కూడా పైకి తేలుతుంది. మూడు బస్తాలు టానిక్‌వా, నీటివా? ఈ ఏర్పాటులో ఆ ప్రశ్నకు జవాబు లేదు, ఎంత జాగ్రత్తగా తూచినా దొరకదు. రెండు కారణాలు జంటగా కదిలినప్పుడు వాటిని విడదీయడం తూకానికి సాధ్యం కాదు.

పద్ధతిగా చేస్తే ముందు ఒక పరికల్పన ఉండాలి, అదీ తప్పని తేలే అవకాశమున్నట్టు రాసుకోవాలి: ‘ఈ టానిక్ కొడితే ఎకరానికి దిగుబడి పెరుగుతుంది.’ ‘పంటకు మేలు చేస్తుంది’ అన్నది పరికల్పన కాదు, డబ్బా మీద రాసే మాట. మనం చేత్తో మార్చేది స్వతంత్ర చరం, ఇక్కడ టానిక్. దాన్నిబట్టి మారేది పరతంత్ర చరం, ఇక్కడ దిగుబడి. మిగతావన్నీ, అంటే విత్తనం, ఊడ్పు తేదీ, ఎరువు, నీరు, రెండు వైపులా ఒకేలా ఉండాలి. టానిక్ కొట్టని మడి కంట్రోల్. దానిలో ఊరికే కూర్చోవడం కాదు, అదే రోజు అదే పంపుతో ఉత్త నీళ్లు కొట్టాలి. లేకపోతే నీటి ఫలితం కూడా టానిక్ ఖాతాలో పడుతుంది. కోత రోజున తూచేవాడికి ఏ మడి ఏదో తెలియకపోతే ఇంకా మేలు. తెలిసినవాడి చెయ్యి, తనకు తెలియకుండానే, తనకు నచ్చిన వైపు మొగ్గుతుంది.

శివారు సమస్యకు శతాబ్దం కిందటే ఉపాయం దొరికింది. ఇంగ్లండ్‌లో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన రొనాల్డ్ ఫిషర్ పొలం ఎక్కడా ఒకేలా ఉండదని ఒప్పుకుని మొదలుపెట్టాడు. పొలాన్ని కాలువ నుంచి శివారు వరకు బ్లాకులుగా కొయ్యాలి, ఒక్కో బ్లాకు లోపల నేల, నీరు దాదాపు ఒకటే ఉండేలా. ప్రతి బ్లాకులోనూ టానిక్ మడి, కంట్రోల్ మడి రెండూ ఉండాలి. ఏది ఎటువైపన్నది మన ఇష్టం కాదు, చీటీ తీయాలి. దీన్నే యాదృచ్ఛికీకరణ అంటారు. పలకడానికి నోరు తిరగదు గానీ పని మాత్రం చీటీలు వేయడమే. ఎన్ని బ్లాకులుంటే అన్నిసార్లు పోలిక జరిగినట్టు, అది పునరావృతి. ఒక్క జత మడుల్లో మూడు బస్తాల తేడా వస్తే అది గాలివాటం కావచ్చు. ఆరు జతల్లో ఆరూ ఒకే వైపు మొగ్గితే మాట వేరు. మడికీ మడికీ మధ్య గట్టు గట్టిగా లేకపోతే ఎరువు నీళ్లతోపాటు పక్క మడిలోకి దిగిపోయి కంట్రోల్ కంట్రోల్‌గా ఉండదు.

1925 నుంచి పశ్చిమగోదావరిలో నడుస్తున్న మారుటేరు వరి పరిశోధన స్థానం చేసేది ఈ పనే. 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎం.టీ.యూ. 7029, ఆ తర్వాత వచ్చిన ఎం.టీ.యూ. 1010 కాటన్ దొర సన్నాలు, రెండూ అక్కడివే. కొత్త రకాన్ని ఒంటరిగా పండించి ‘బాగుంది’ అనరు. రైతులు అప్పటికే వేస్తున్న రకాన్ని దాని పక్కనే, అదే బ్లాకులో వేస్తారు. దాన్ని చెక్ అంటారు. తర్వాత రైతుల పొలాల్లో మినీకిట్లు (చిన్న విత్తన పొట్లాలు) వేయించి చూస్తారు, ఎందుకంటే స్టేషన్ పొలంలో గెలిచినది లంకల్లోనో శివారులోనో ఓడిపోవచ్చు.

చివరికి ఏ ప్రయోగమైనా, ఏ పంటల బీమా అయినా వచ్చి ఆగేది పంటకోత దగ్గర. చీటీ తీసినట్టు అంకెలతో చేను ఎంచుకుని, అందులో ఐదు మీటర్ల చదరం గీసి, తాడు లాగి, లోపలిది కోసి, నూర్చి తూస్తారు. ఆ చదరం 25 చదరపు మీటర్లు, ఎకరానికి దాన్ని 162తో హెచ్చించాలి. 15 కిలోలు తూగితే ఎకరానికి 32 బస్తాలు. కాటాలో వంద గ్రాముల పొరపాటు ఎకరానికి 16 కిలోలవుతుంది. అంతకన్నా పెద్ద పొరపాటు తాడు దగ్గరుంది. 20 సెంటీమీటర్ల ఎడంలో ఊడ్చిన చేలో ఐదు మీటర్లకు 25 వరుసలు, మొత్తం 625 దుబ్బులు. తాడు మీదికి ఒరిగిన వరుసను పోనీలే అని లోపలికి కలుపుకుంటే, పొడవునా వెడల్పునా ఒక్కో వరుస పెరిగి 26 వరుసలు, 676 దుబ్బులు. ఎనిమిది శాతం ఎక్కువ. 32 బస్తాలు కాస్తా 35 అవుతాయి, రైతుకు జరిగిన నష్టంలో మూడు బస్తాలు నష్టపరిహారం లెక్కకు రాకుండా పోతాయి. చదరం మీటరు వెడల్పుదే అయితే అదే పొరపాటు 25 దుబ్బుల్ని 36 చేస్తుంది, 44 శాతం. చిన్న చదరాలు దిగుబడిని ఎక్కువ చేసి చూపిస్తాయని 1940ల్లో గణాంకవేత్త పి.వి. సుఖాత్మే లెక్కలతో చూపించింది ఇదే. తాడు కింద పడ్డ దుబ్బు మొదలు సగం కన్నా ఎక్కువ లోపలుంటే లోపలిది, లేకపోతే బయటిది. కొడవలి పట్టకముందే ఈ మాట అనేసుకోవాలి. కోత మొదలయ్యాక అనుకుంటే, దుబ్బు ఎటు వెళ్లాలో తాడుకు అటూ ఇటూ నిలబడ్డవాళ్లే నిర్ణయిస్తారు.